ఒక్కరే కూర్చునే బండి

నార్కట్‌పల్లి దాటి విజయవాడ రోడ్డు మీద కొంతదూరం పోతే ఎడమచేతి వైపు పొడుగాటి రేకుల షెడ్డు కనబడుతుంది. ఇప్పుడు అందులో కోళ్లున్నాయి. అంతకుముందూ కోళ్లే ఉండేవి. మధ్యలో ఒక్క ఏడాది, కరోనా తగ్గిన మరుసటి ఎండాకాలం, అందులో రెండు రేసు బండ్లు ఉండేవి. బస్సులో ఆ దారిన పోయినప్పుడల్లా నేను కిటికీ పక్కకు జరుగుతాను. పక్కన కూర్చున్నవాళ్లు అక్కడేముందోనని వాళ్లూ తొంగి చూస్తారు. వాళ్లకు కోళ్లే కనబడతాయి.

ఆ ఏడు నేను అక్కడ వంట చేసేదాన్ని. ఏడుగురికి పొద్దున టిఫిను, మధ్యాహ్నం అన్నం. నా తమ్ముడు శ్రీశైలం ఆ టీములో మెకానిక్కు. టీము పేరు మూసీ రేసింగ్, నడిపేది అమరేందర్ సారు. చిన్న వయసు పిల్లలకు పెట్టే కారు పందేలవి, ఆగస్టులో చెన్నైలో మొదలవుతాయి. రెండు బండ్లలో ఒకటి హైదరాబాద్ పిల్లవాడిది, రెండోది నా బిడ్డ నిరోషది. దానికి అప్పుడు పదహారేళ్లు. హైదరాబాద్‌లో పిల్లల పందెంలో గెలిచిందని సారు మమ్మల్ని ఏమీ అడగకుండా పైసలు లేకుండానే టీములోకి తీసుకున్నాడు.

ఆ బండికి సీటు అంగట్లో దొరకదని నాకు ఏప్రిల్‌లో తెలిసింది. నడిపే మనిషి ఒంటి మీదే దాన్ని పోస్తారు. నిరోషను బండిలో కూర్చోబెట్టి, వీపు వెనక ఒక ప్లాస్టిక్ సంచి పెట్టి, రెండు రకాల మందులు కలిపి అందులో పోశారు. అది ఇడ్లీపిండిలా పొంగి వీపు చుట్టూ, నడుము చుట్టూ పట్టుకుంది. గట్టిపడేదాకా కదలకూడదు.

"ముక్కు గోక్కునేది ఉంటే ఇప్పుడే గోక్కో బిడ్డా," అన్నాడు పరశురాములు. టైర్లు చూసే మనిషి. "ఇంక ఇరవై నిమిషాలు నువ్వు రాయివి."

"మామా, కాలుతాంది," అంది నిరోష.

"గంతనే. జర ఓర్సుకో," అన్నాడు శ్రీశైలం.

ఓర్చుకుంది. ఓర్చుకోవడం దానికి నేర్పాల్సిన పని లేదు. లేచిన తర్వాత చూస్తే ఆ గట్టిపడిన బూరుగుదూది లాంటి దాంట్లో దాని వీపంతా దిగి ఉంది. రెండు భుజాల రెక్కలు, మధ్యలో వెన్ను గాడి. దాన్ని కన్నదాన్ని నేనే గానీ దాని వీపు ఎలా ఉంటుందో అంత బాగా ఎన్నడూ చూడలేదు.

"మల్లా కూసుంటే సందు ఉండదా?" అని అడిగాను.

"చిటికెన వేలు గూడ దూరదు అక్కా," అన్నాడు తమ్ముడు. "సందుంటే మూల మలుపుల మనిషి ఎగిరిపోతది."

"మరి పక్కన ఇంకో సీటేది?"

అందరూ నవ్వారు. శ్రీశైలం కూడా నవ్వాడు. "గిది ఒక్కరే కూసునే బండి అక్కా."

ఆ మాట నాలో దిగబడింది. నా భర్త సైదులు ఇరవై రెండేళ్లు లారీ నడిపాడు. పక్కన ఎప్పుడూ క్లీనరు ఉండేవాడు. పెళ్లయిన కొత్తలో రాయచూరు దాకా నేనూ కూర్చున్నాను, దారి పొడుగునా ఆయనకు పల్లీలు ఒలిచి పెడుతూ. ఈ బండికి పక్కన మనిషి లేడు, పైన కప్పు లేదు, నేలకు జానెడు ఎత్తులో పిల్ల పడుకున్నట్టు ఉంటుంది. 

మా దిక్కు జాన్‌పహాడ్ సైదులు దర్గాకు మొక్కని ఇల్లుండదు. మా ఆయనకు పెట్టింది ఆ దర్గా పేరే. అక్కడ కట్టించిన వెండి తాయెత్తు ఆయన నడుముకు ఎప్పుడూ ఉండేది. అన్నేళ్లు నడిపినా ఆయన బండి ఒక మనిషికి గానీ ఒక మేకకు గానీ తగలలేదు. చివరికి జ్వరంతో దవాఖాన మంచంలో పోయాడు గానీ రోడ్డు మీద కాదు. ఆ తాయెత్తు విప్పి పెట్టెలో దాచుకున్నాను. మే నెలలో టీము మొదటిసారి చెన్నైకి టెస్టుకు బయలుదేరే ముందు, నల్గొండలో మా కిరాయి ఇంట్లో దాన్ని తీసి నల్లదారానికి ఎక్కించాను.

"ఒంటి మీద ఏది ఉండొద్దని మామ చెప్పిండు గదమ్మా," అంది నిరోష. "ముక్కుపుడక గూడ తీసేయమన్నడు."

"మామ చూడొచ్చిండా? బట్టల లోపట ఉంటది."

"నాకు భయమేం లేదమ్మా."

"నీకు లేదే. నాకున్నది. మీ నాయినది ఇది. నా మీద ఒట్టు, ఎవ్వలకు చెప్పకు."

చేతులు పైకెత్తి నిలబడింది. కట్టాను. అది ఎదురు మాట్లాడే పిల్ల కాదు. వాడకట్టులో బిక్షమ్మ ఎప్పుడూ అనేది, ఈదమ్మా, నీ బిడ్డ నోట్లో నాలుక లేదు, నీ అదృష్టం అని. నేనూ అలాగే అనుకున్నాను.

చెన్నై నుంచి వచ్చాక శ్రీశైలం మొహం బాగాలేదు. షెడ్డులో అన్నం ముందు కూర్చుని చెప్పాడు. మొదటి అయిదు రౌండ్లు నిరోషను పట్టుకునేవాళ్లు లేరట. ఆరో రౌండు నుంచి జారుడే. పదో రౌండుకు వచ్చేసరికి అందరికంటే వెనక. మూడు రోజులూ అంతే.

"మా ఊరి బోరు లెక్కుంది అక్కా," అన్నాడు పరశురాములు. "స్విచ్ ఏస్తే కాల్వ నిండ వస్తది, జర సేపటికి గాలి."

ఎవరూ నవ్వలేదు. అమరేందర్ సారు నెమ్మదిగా అన్నాడు: "చెయ్యి మంచిగున్నదమ్మా పిల్లకు. ఒంట్ల బలం చాలుతలేదు. ఏం తింటది?"

నాకు సిగ్గేసింది. ఊరందరికీ వండిపెట్టేదాని బిడ్డకు బలం లేదంటే ఎవరిని అన్నట్టు? ఆ రోజు నుంచి పొద్దున నాలుగు గుడ్లు, రాత్రి మటన్ ఎముకల పులుసు. శ్రీశైలం దాన్ని తెల్లవారే లేపి లతీఫ్‌సాబ్ గుట్ట మెట్లు ఎక్కించి దింపేవాడు. నిరోష ఎక్కేది, దిగేది, తినేది. నొప్పి ఉన్నదని గానీ ఎక్కడున్నదని గానీ అనలేదు. రెండో టెస్టుకు పోయారు. మళ్లీ అయిదు రౌండ్లు బాణం, ఆరు నుంచి గాలి.

మే చివర్లో ఒక పొద్దున షెడ్డుకు పోయేసరికి తలుపు మీద కాగితం అంటించి ఉంది. ఇంగ్లీషులో ఉంది. నాకు తెలుగు అక్షరాలు వచ్చి అప్పటికి రెండేళ్లే అయింది, ఇంగ్లీషు అసలు రాదు. కానీ నిరోష పేరు ఇంగ్లీషులో ఎలా ఉంటుందో నాకు తెలుసు. దాని హెల్మెట్ మీద రాసి ఉండేది, తడిబట్టతో నేనే తుడిచేదాన్ని. కాగితం మీద రెండు పేర్లున్నాయి. పై నుంచి కింది దాకా వెతికాను. ఆ ఆకారం లేదు.

"కొత్త పిల్లగాడు వస్తున్నడు అక్కా," అన్నాడు వెనక నుంచి శ్రీశైలం. "దివాకర్ అని. పోయినేడు కోయంబత్తూరు టీముకు నడిపిండు. సారు ఆలోచించే చేసిండు. ఆయనను ఏం అనకు."

పొయ్యి వెలిగించి ఉప్మా చేశాను. నిరోషకు ఆ సంగతి అప్పటికే తెలుసట. రాత్రే సారు ఫోను చేసి చెప్పాడట. నాకు చెప్పకుండా పడుకుని, నాకు చెప్పకుండా లేచి గుట్ట ఎక్కడానికి పోయింది.

ఆ ఆదివారం దానికి తలంటు పోశాను. ముక్కాలిపీట మీద కూర్చోబెట్టి వీపు రుద్దుతుంటే నడుము పైన, వెన్నుపూస పక్కనే, చెయ్యి ఆగింది. ఖర్జూరపు గింజంత మచ్చ. నల్లగా కమిలి, మీద తోలు కాయ కట్టి ఉంది. బొటనవేలు పెట్టి చూశాను. ఇటు చివర మొనదేలి, అటు చివర గుండ్రంగా. ఆ ఆకారం నాకు పెళ్లయినప్పటి నుంచి తెలుసు, ఆ తాయెత్తుదే.

"ఇదేందే?"

"ఏం లేదమ్మా."

"నొస్తదా?"

"ఊకెనే నొయ్యది. బండ్ల కూసున్నంక బెల్టు బిగిస్తరు గదా. అప్పుడు తాయెత్తు తిరిగి ఎనకకు పోతది. అయిదు రౌండ్ల దాంక ఏం కాదు. అటెంక కాలు తిమ్మిరెక్కుతది."

"మామకెందుకు చెప్పలే?"

"చెప్పొద్దన్నవు గదా."

దాని గొంతులో కోపం లేదు. నిజంగా అంతే సంగతి దానికి. చెంబుతో నీళ్లు ముంచి పోశాను, మళ్లీ ముంచాను. తర్వాత ఆ దారం పళ్లతో కొరికి తెంపేశాను.

"మరి నాయినది గదమ్మా," అంది.

"మీ నాయిన సీటు మంచమంత ఉంటుండె. నొస్తే అటు జరిగెటోడు, ఇటు జరిగెటోడు. నీది జరిగే సీటు కాదు బిడ్డా."

మర్నాడు సారు దగ్గరికి పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నిలబడే చెప్పాను. ఆయన విని షెడ్డు జాలీ వైపు చూశాడు. ఆ జాలీకి పాత కోళ్ల ఈకలు ఇంకా ఇరుక్కుని ఉండేవి.

"నెలంత మేము ఇంజన్ చూసినం, టైర్లు చూసినం, పిల్ల మెడ చూసినం," అన్నాడు. "వీపు చూడలే."

"తప్పు నాది సారు. దానిది కాదు."

"ఎరుకైంది ఈదమ్మా. కానీ పేర్లు పంపేసినం. ఆ పిల్లగాడు అక్కడ మానుకొని వస్తున్నడు. ఇప్పుడు వద్దని ఎట్లంట?"

ఆయన అన్నది న్యాయమే. బయటికి వస్తే షెడ్డు గోడ వెంబడి నిరోష సీటు పడి ఉంది. కొత్తవాడికి కొత్తది పోయాలి కదా, పాతది పీకేశారు. విరిగి రెండు ముక్కలైంది. శ్రీశైలం నాతో నాలుగు రోజులు మాట్లాడలేదు. అయిదో రోజు పప్పులో ఉప్పు తక్కువైందని అన్నాడు. అదే మాట్లాడినట్టు.

దివాకర్ సరిగ్గా మిరుగం నాడు, మృగశిర కార్తె మొదలయ్యే రోజు దిగాడు. ఆ రోజు మా దగ్గర అందరూ చేపలు తింటారు. నేనూ చేపల పులుసు చేశాను. పద్దెనిమిదేళ్ల పిల్లవాడు, సన్నగా పొడుగ్గా ఉన్నాడు. వానలో తడిసి బ్యాగు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. తండ్రికి జడ్చర్లలో జేసీబీలున్నాయట. నా బిడ్డ చోటులో కూర్చునేవాడికి నా చేత్తో వడ్డించాలి. అందరికీ మంచి ముక్కలు వేసి, ఆ పిల్లవాడికి తలకాయ వేశాను. ఒట్టి తలకాయ, కొంచెం పులుసు. నా బుద్ధి అలాంటిది ఆ రోజు.

అతను కంచంలోకి చూసి మొహం విప్పార్చుకున్నాడు.

"తలకాయ నాకేసినవా పెద్దమ్మా? మా పాలమూరుల మా అవ్వ గూడ గిట్లనే, మనుమలందరిల నాకే ఏస్తది. కోయంబత్తూరుల సాంబారు తిని తిని నోరు సచ్చింది."

పరశురాములు నా వైపు చూసి తల దించుకున్నాడు, నవ్వు ఆపుకోవడానికి. ఆ పిల్లవాడు తలకాయను ఒక్క ముల్లు వదలకుండా జుర్రుకుని తిన్నాడు. తినేవాళ్ల మీద నాకు కోపం నిలవదు. అది నాకున్న జబ్బు. ఇంకో రెండు ముక్కలు వేశాను. మిగతావాళ్లు లేచిపోయినా అతను తింటూనే ఉన్నాడు.

"నువ్వు గిటొస్తివి గదా బిడ్డా," అన్నాను. "మరి అక్కడ నీ సీట్ల ఎవలు కూసున్నరు?"

పొయ్యి దగ్గర ఉండేవాళ్లకు తట్టే మాటే అది. ఒక గిన్నె తీస్తే అక్కడ ఖాళీ అవుతుంది. ఇంతమంది ఇన్ని రోజులు మాట్లాడుకున్నారు గానీ ఎవరూ ఆ ఖాళీ సంగతి మాట్లాడలేదు.

"ఎవ్వరు లేరు పెద్దమ్మా. వాళ్లు ఎతుకుతున్నరు. చిన్న టీమది, దొరుకుతలేరు."

"నా బిడ్డ ఉన్నది."

"నడుపుతదా?"

"నడుపుతది. నిరోష దాని పేరు."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. నా వైపు చూశాడు, కంచంలో ముళ్ల వైపు చూశాడు. తలకాయ ఎందుకు పడిందో అప్పుడు అర్థమైనట్టుంది.

"నాకెవ్వరు చెప్పలే పెద్దమ్మా, మీరు ఆమె అమ్మ అని."

"చెప్తే ఏం జేద్దువు, తినకపోదువా?"

"తిందును," అన్నాడు నిజాయితీగా. "కానీ మొగం చూడకపోదును." ముళ్లు ఒక పక్కకు నెట్టి మళ్లీ అన్నాడు: "టెస్టుల నేను గోడ మీద నిలబడి చూసిన ఆమె నడిపేది. మొదటి అయిదు రౌండ్లు. గట్ల నేను పోలేను. మరి అటెంక ఏమైతదో నాకర్థం కాలే."

"ఏమైతదో నాకెరుక," అన్నాను. చెప్పాను.

అతను చెయ్యి కడుక్కుని వానలోకి పోయి, చూరు కింద నిలబడి ఫోను చేశాడు. అరవంలో మాట్లాడాడు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ మధ్యలో నిరోష పేరు మూడుసార్లు వినబడింది. లోపలికి వచ్చి, ఒక్కసారి రమ్మన్నారని, పదిహేను రౌండ్లు ఆపకుండా తిప్పి చూస్తారని చెప్పాడు.

నిరోష మా టీము మనిషిగా సంతకం చేసి ఉంది, పోవాలంటే సారు ఒప్పుకోవాలి. ఆయన కాగితం మీద వెంటనే సంతకం పెట్టాడు. "నువ్వు గూడ మానేస్తవా ఈదమ్మా?" అని అడిగాడు.

"నేనెందుకు మానేస్త సారు? మీ అందరికి ఎవలు వండుతరు?"

"మంచిది," అన్నాడు.

శ్రీశైలం దాన్ని తీసుకుని కోయంబత్తూరు పోయాడు. రెండో రోజు మధ్యాహ్నం నేను బియ్యం కడుగుతుంటే ఫోను మోగింది. తడి చేత్తోనే ఎత్తాను.

"ఆఖరి రౌండే అన్నిట్ల ఫాస్టు అక్కా," అన్నాడు తమ్ముడు. ఏడుస్తున్నాడని తెలిసింది. నేను ఫోను పట్టుకునే బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను, అందులో రాళ్లు లేకపోయినా.

జూలై అంతా నిరోష అక్కడే ఉంది. ఒకసారి వచ్చి బట్టలు సర్దుకుని పోయింది. ఇంటికి వచ్చి తాళం తీస్తుంటే లోపల ఎవరూ లేరన్న సంగతి అలవాటు కావడానికి నాకు చాలా రోజులు పట్టింది. రోజూ ఇద్దరికి సరిపోయే బియ్యం పోసేదాన్ని.

ఆగస్టులో చెన్నై ట్రాకుకు టీముతో నేనూ పోయాను. సారు అందరికీ ఇచ్చిన నీలం టోపీ నాకూ ఇచ్చాడు, కొంగు మీద నుంచి పెట్టుకున్నాను. టీముకో డేరా వేశారు. మాది నీలం, నాలుగు డేరాల అవతల కోయంబత్తూరు వాళ్లది పసుపు. రేసు ముందు రోజు మధ్యాహ్నం జొన్నరొట్టెలు చేసి, పుంటికూర పచ్చడి నూరి, డబ్బాలో పెట్టుకుని ఆ పసుపు డేరాకు నడిచాను.

నిరోష పసుపు డ్రెస్సులో బండి పక్కన నిలబడి ఒక ముసలాయనతో మాట్లాడుతోంది. సైగలతో, ముక్కలు ముక్కలుగా అరవంతో. నేను కూర్చోబెట్టినప్పుడు తప్ప కూర్చోని పిల్ల అక్కడ మెకానిక్కుకు వేలు చూపించి ఏదో బిగించమంటోంది. నన్ను చూసి పరుగెత్తుకు వచ్చింది. డబ్బా చేతికిచ్చాను. మూత తీసి వాసన చూసి, మళ్లీ పెట్టేసింది.

"వద్దమ్మా."

"రొట్టెనే బిడ్డా. నీకిష్టమని."

"రేపు రేసయ్యేదాంక వీళ్లు పెట్టిందే తినాలె. ఇప్పుడు కొత్తది తింటే కడుపుల తేడా వస్తది. వద్దు."

నా కళ్లల్లోకి చూసే అంది. ఒక్క ముక్కన్నా తినమని నా నోటిదాకా వచ్చింది. నా మీద ఒట్టు అని కూడా వచ్చేదేమో. పదహారేళ్లలో దాని నోట వద్దన్న మాట వినడం నాకు అదే మొదలు.

"సరే," అన్నాను. డబ్బా తీసుకున్నాను.

నీలం డేరాకు వచ్చేసరికి పరశురాములు చూశాడు. "ఏందక్కా, మన రొట్టెలు ఎదుటోళ్లకు మోస్తున్నవ్? నువ్వు గూడ పార్టీ మార్చినవా?"

"మారుద్దామనే పోయిన. తీసుకోలే," అన్నాను.

రొట్టెలన్నీ అతనూ దివాకరూ తిన్నారు.

మర్నాడు రేసు. జాలీ పట్టుకుని నిలబడ్డాను. నాకు ఆ బండ్లలో ఏది ముందో ఏది వెనకో తెలియదు, రంగులే తెలుసు. శ్రీశైలం పక్కన నిలబడి రౌండ్లు లెక్కపెడుతున్నాడు. అయిదు అన్నప్పుడు ఇద్దరం ఒకరి వైపు ఒకరం చూసుకోలేదు. ఆరు అన్నాడు. పసుపు రంగు వచ్చింది, పోయింది. ఏడు, ఎనిమిది. పదిలో ఒక తెల్ల బండిని దాటింది. చివరికి మా నీలం బండి దివాకర్‌ది మూడోది వచ్చింది, దాన్ని ఆనుకునే పసుపుది, నాలుగోది.

"నాలుగంటే ఏమిస్తరు?" అని అడిగాను.

"ఏం ఇయ్యరు అక్కా," అన్నాడు శ్రీశైలం, మొహం తుడుచుకుంటూ. "ఇంకోసారి రమ్మంటరు."

రెండు గంటలవుతుండగా మా డేరా పరదా తీసుకుని నిరోష వచ్చింది. పసుపు డ్రెస్సు నడుము దాకా దించి చేతులు ముడివేసుకుని ఉంది. జుట్టంతా చెమట. మా వాళ్లందరూ తింటున్నవాళ్లు ఆగిపోయారు. దివాకర్ మాత్రం జరిగి చోటిచ్చాడు. అది టైర్ల పెట్టె మీద కూర్చుంది.

"అమ్మా, రొట్టెలున్నయా?"

"నిన్ననే అయిపోయినయి."

"అన్నం?"

"అన్నమున్నది."

"పెట్టు. ఆకలైతాంది."

అప్పుడే అమరేందర్ సారు లోపలికి వచ్చాడు. తన డేరాలో పసుపు డ్రెస్సును చూసి ఒక్క క్షణం ఆగాడు. అందరూ ఆయన మొహం వైపే చూస్తున్నారు. ఆయన ఒక కుర్చీ లాక్కుని నిరోష పక్కనే కూర్చున్నాడు.

"నాకూ పెట్టమ్మా," అన్నాడు.

ఆ డేరాలో అంతకుముందు ఎప్పుడూ సారు వచ్చి కూర్చున్నాక ఆయనకు పెట్టకుండా ఇంకొకరి కంచంలో నేను గరిటె పెట్టలేదు. ఆ రోజు ముందు నా బిడ్డకు పెట్టాను.